తడి గచ్చు మీద మేరమ్మ చెయ్యి

హనుమాయమ్మ గారు మొదటిసారి పడినప్పుడు మేరమ్మ వసారా చివర స్తంభం పక్కనే నిలబడి ఉంది. పట్టుకోవడానికి ముందుకు రాలేదు. రాకూడదు కాబట్టి రాలేదు. "నా పూజ అయ్యేదాకా ఆ స్తంభం దాటి ఇటు రావద్దే" అని కట్టడి చేసింది హనుమాయమ్మ గారే. తీరా పడ్డాక, అక్కడే ఉండి ఎందుకు పట్టుకోలేదని ఆశ్రమం మేనేజరు ఆదిశేషయ్య మేరమ్మని అందరి ముందూ నిలబెట్టి తిట్టాడు. స్తంభం సంగతి హనుమాయమ్మ గారు ఎత్తలేదు. మేరమ్మా ఎత్తలేదు.

"ఇంకొకళ్ళు పడ్డారంటే నువ్వు ఇక్కడ ఉండవు" అన్నాడాయన.

"అట్టాగేనండి" అంది మేరమ్మ. ఇంకేమంటుంది? ఆ ఉద్యోగం పోతే మళ్ళీ పత్తి చేలే గతి.

డెబ్భైల నాటి మాట ఇది. తిరువూరులో బస్సులు తిరిగే రోడ్డుకి కాస్త ఎడంగా, దిక్కులేని ముసలివాళ్ళ కోసం నలుగురు పెద్దమనుషులు చందాలేసుకుని ఆశ్రమం కట్టించారు. వసారాకి ఎర్ర గచ్చు చేయించి, ముఖం కనపడేటట్టు నున్నగా తోమించారు. చూడవచ్చిన వాళ్ళంతా ఆ నునుపు చూసి మెచ్చుకున్నారు. దాని మీద నడవబోయేది కాళ్ళు వణికే మనుషులని ఒక్కరికీ తోచలేదు.

మేరమ్మ అక్కడ ఆయా. మంచాన పడ్డ అత్త పుల్లమ్మని చివరిదాకా పసిబిడ్డలా సాకిందని విని, పాస్టరు గారు చెప్పి పెట్టించారు. స్నానాలు, తల దువ్వడాలు, అన్నం కలిపి పెట్టడాలు, అన్నీ ఆమే. ఒక్క హనుమాయమ్మ గారికి మాత్రం పొద్దున పూట దూరం.

ఆవిడ రెడ్డిగూడెం వైపు భూములున్న ఇంటి మనిషి. పిల్లల్లేరు, భర్త పోయాడు. ఉన్నవన్నీ పోయినా మడి మాత్రం వెంట తెచ్చుకుంది. తెల్లవారగానే స్నానం చేసి, తడిచీరతోనే వసారా పొడుగునా నడిచి తన గదిలో దేవుడి దగ్గరికి వెళ్ళేది. చీర అంచు నుంచి నీళ్ళు కారేవి. ఆ నీళ్ళు తుడవాలంటే మేరమ్మ స్తంభం దాటాలి. దాటాలంటే పూజ అవ్వాలి. పూజ అయ్యేసరికి గచ్చు ఆరిపోయేది. ఆదిశేషయ్య వచ్చి చూసేసరికి పొడినేల. పొడినేల మీద మనిషి పడిందంటే తప్పు ఆయాది కాక ఎవరిది?

పడ్డాక మోకాలు వాచింది. మధ్యాహ్నాలు మేరమ్మే కూర్చుని నూనె మర్దనా చేసేది.

"కాస్త గట్టిగా రాయవే. వేళ్ళకి బలం లేదా?"

"పొద్దున ఈ వేళ్ళే పనికిరాలేదు కదమ్మగారూ?"

"పొద్దున వేరు, మధ్యాహ్నం వేరు."

"గచ్చుకి ఆ తేడా తెలియదండి."

"నోరు పెరిగింది నీకు" అని హనుమాయమ్మ గారు అటు తిరిగి పడుకుంది. కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మేరమ్మ మొగుడు మరియదాసు పెళ్ళి పందిళ్ళు వేస్తాడు. వసారా గోడ పొడుగునా పట్టుకోవడానికి వెదురుబొంగు కట్టిపెడతానన్నాడు. మేరమ్మ వెళ్ళి అడిగితే ఆదిశేషయ్య ఎగిరిపడ్డాడు. "బొంగులు కట్టడానికి ఇదేమన్నా గొడ్లపాకా? చందాలిచ్చినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

ముసురు పట్టిన వారంలో ఒక పొద్దున హనుమాయమ్మ గారి కాలు మళ్ళీ జారింది. రాగిచెంబు దొర్లుకుంటూ పోయింది. ఆ చప్పుడు ఆగేలోపే మేరమ్మ స్తంభం దాటేసింది. ముసలావిడ నడుం చుట్టూ చెయ్యేసి, తూలి, ఆవిడని ఒళ్ళోకి తీసుకుని తనే కిందపడింది. ఇద్దరూ తడి గచ్చు మీద చతికిలబడ్డారు.

"లేవకండమ్మా. ముందు కాళ్ళు మెల్లగా చాపండి. ఎక్కడన్నా నొప్పిగా ఉందా?"

ఆవిడ గుండె దడ మేరమ్మ చేతికి తెలుస్తోంది.

ఆదిశేషయ్య పరుగున వచ్చాడు. "మడిలో ఉన్నావిడ మీద చెయ్యేశావా? నీకెంత ధైర్యమే? పో, నీ మూట సర్దుకో!"

అప్పుడు పట్టుకోనందుకు తప్పు, ఇప్పుడు పట్టుకున్నందుకు తప్పు.  అయినా మేరమ్మ చెయ్యి తియ్యలేదు.

"అబ్బాయ్, ఆగు" అంది హనుమాయమ్మ గారు, ఇంకా రొప్పుతూనే. "కింద చూడు. ఈ నీళ్ళు నా చీరవి. మొన్న నేను పడ్డదీ వీటి మీదే. దాన్ని స్తంభం దగ్గర ఆపింది నేనే. ఆ రోజే చెప్పాల్సింది. సిగ్గేసి ఊరుకున్నా."

"అది కాదండీ... మైల పడ్డారు కదా, మళ్ళీ స్నానం చెయ్యాలి గదా మీరు?"

"చేస్తే మళ్ళీ తడిచీర, మళ్ళీ ఈ గచ్చు. మళ్ళీ పడతా, ఇది మళ్ళీ పట్టుకుంటుంది, మళ్ళీ స్నానం. పొద్దుగూకేదాకా నన్ను మినప్పప్పులా నానబెడతావా ఏంటి?"

మేరమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆదిశేషయ్య ఏం చెయ్యాలో తెలియక వెళ్ళి చెంబు తెచ్చిచ్చాడు. మూట మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒక్కరోజులో అంతా మారిపోయిందని చెబితే అబద్ధం. కొన్నాళ్ళు హనుమాయమ్మ గారు మేరమ్మ ముంజేతి మీద పొడి తువ్వాలు వేయించుకుని, దాని మీదనుంచే పట్టుకుని నడిచింది. ఒకనాడు తువ్వాలు చాకలికి వెళ్ళింది. ఉత్త చెయ్యే పట్టుకుంది. ఆ తర్వాత తువ్వాలు అడగలేదు. ఆరేసిన చీర స్నానాలగదిలోనే కట్టుకోవడం, ఆవిడ అడుగు పెట్టకముందే మేరమ్మ నేల తుడవడం, అలా ఒక్కొక్కటే అలవాటయ్యాయి. మరియదాసు వెదురూ వచ్చింది, రంగు వేయాలన్న ఆదిశేషయ్య షరతుతో. తర్వాత ఆదిశేషయ్యకే నడుం పట్టేసినప్పుడు ఆ బొంగు పట్టుకునే నడిచాడు.

హనుమాయమ్మ గారు తన మంచం మీదే, మేరమ్మ గంజి తాగించాక, నిద్రలోనే కన్నుమూసింది. మేరమ్మ పట్టుకున్న ఆ పొద్దుటి నుంచి పోయేదాకా ఆవిడ మళ్ళీ పడలేదు.

ఇది చదివినవాళ్ళకి ఒక మనవి. మీ ఊళ్ళో ఇలాంటి ఆశ్రమం ఉంటే, పండ్లు పంచి ఫోటో తీయించుకుని వచ్చేయకండి. పొద్దున్నే, స్నానాల వేళ వెళ్ళండి. నేల తడిగా ఉందేమో అరికాలితో చూడండి. గోడకి పట్టుకోవడానికి ఏమన్నా ఉందేమో చూడండి. లేకపోతే అది వచ్చేదాకా అడగండి. అక్కడ ఒక మేరమ్మ ఎవరి మాటకో భయపడి స్తంభం దగ్గర ఆగిపోయి కనిపిస్తే, ఆమెని లోపలికి రమ్మనండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ పని రేపటికి వాయిదా వెయ్యకండి.