మేస్త్రీ గారి ఆదివారం అతిథి

విశ్వవిద్యాలయం ప్రహరీ, ఆడపిల్లల హాస్టలు, గ్రంథాలయం మెట్లు, అన్నీ మేస్త్రీ గారి చేతిమీదుగా లేచినవే. చదివింది వానాకాలం చదువే అయినా ఆయన కట్టిన గోడ ఒక్కటీ పగుళ్ళివ్వలేదు. వీధికి మంచినీళ్ళ గొట్టం తెప్పించిందీ, దీపాలు వేయించిందీ ఆయనే. అందుకే, దేశంకాని దేశం నుంచి వచ్చిన విద్యార్థులకు సెలవునాడు వెళ్ళిరావడానికి ఊళ్ళో తలా ఒక కుటుంబాన్ని చూపాలని విశ్వవిద్యాలయం వాళ్ళు తలపెట్టినప్పుడు మొదట తట్టింది ఆయన తలుపే.

ఆయన వంతుకు వచ్చిన పిల్ల ఆదివారం ఆదివారం వచ్చేది. అసలు పేరు నోరు తిరగక ఇంటిల్లిపాదీ చిన్నమ్మాయి అనేవారు. మన మాట బాగానే పట్టుకుంది. ఆయన ఆమెను కాలు కింద పెట్టనివ్వలేదు. వీధివాళ్ళంతా తలా ఒక చెయ్యి వేసి పిల్లలు చదువుకోవడానికి గది కడుతుంటే, చిన్నమ్మాయి కూడా ఇటుకలు మోయబోయింది. ఆయన పరుగున వచ్చి ఇటుక లాక్కుని, కుర్చీ వేయించి, గొడుగు పట్టించి, దారినపోయే ప్రతివాడికీ మా ఇంటి అతిథి అని చూపించారు.

మరుసటి ఆదివారం ఆమె రాలేదు. ఆపై వారమూ రాలేదు. తర్వాత విశ్వవిద్యాలయం నుంచి ఫోను వచ్చింది. ఆ అమ్మాయి వేరే కుటుంబాన్ని అడుగుతోందట.

మేస్త్రీ గారికి ముద్ద దిగలేదు. వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి తిరుగుతూ, తాను చేసిన మర్యాదలన్నీ భార్యకు ఏకరువు పెట్టారు. ఆవిడ విని విని, "పెళ్ళివారికి చేసినట్టు చేశారు. పెళ్ళివారు ఎన్నాళ్ళుంటారండీ?" అంది.

మర్నాడు, తాను కట్టిన హాస్టలు ముందే ఆయన పరాయివాడిలా నిలబడాల్సి వచ్చింది. చిన్నమ్మాయి దిగి వచ్చింది.

"కోపం లేదు తాతగారూ. క్లాసులో నన్ను వింతగా చూస్తారు, బస్సులో చూస్తారు. మీ ఇంట్లోనూ చూస్తూనే ఉన్నారు. గ్లాసు కడుగుతానన్నా అమ్మమ్మగారు లాక్కుంటారు."

మేస్త్రీ గారు, "పిల్లల గది కొత్త గోడ ఎండకి మాడిపోతోంది. పొద్దునా సాయంత్రం తడపాలి. వచ్చి తడుపు" అన్నారు. అతిథికి పని చెప్పడం ఆయన జన్మలో అదే మొదలు.

ఆమె వచ్చి గొట్టం పట్టింది. ఆయన దాన్ని అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, అంతలోనే ఉండబట్టలేక, "ధార అలా కొడితే సిమెంటు కొట్టుకుపోతుందే, పిచ్చిమొహమా" అని కసిరారు. చుట్టూ ఉన్నవాళ్ళు బిత్తరపోయారు.

"మీరు అడ్డు తప్పుకోండి తాతగారూ, గోడ కనపడనివ్వరు" అంది ఆమె, గొట్టం దించకుండానే.

అప్పుడే మళ్ళీ విశ్వవిద్యాలయం ఫోను. ఆయన ఫోను ఆమెకే ఇచ్చేశారు. "ఇప్పుడే మార్చకండి. గోడ గట్టిపడ్డాక చెబుతాను" అని ఆమె పెట్టేసింది.

గోడ గట్టిపడటానికి ఎన్నాళ్ళో మేస్త్రీ గారికి చెప్పాలా? ఆ సాయంత్రం నుంచే, ఇంకో గోడ ఎక్కడ లేపాలా అని ఆయన వీధంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు.