వంకాయ పథ్యం

వనపర్తి నుంచి గద్వాల పోయే బస్సులో నా పక్కన ఒక నడివయసు ఆమె కూర్చుంది. ఒడిలో సర్కారు దవాఖాన టీబీ గోలీల సంచి. ఆకలై నేను జొన్నరొట్టెలు విప్పి, ఆమెకొకటి వంకాయ కూరతో ఇచ్చాను. రొట్టె తీసుకుని కూర వెనక్కి నెట్టింది.

“పథ్యం పెద్దమ్మా.”

“రోగం నీకా?”

“మా ఆయనకు. అన్నీ తినుమని డాక్టర్ చెప్పిండు. పథ్యం లేని మందు గూడ ఒక మందేనా అని ఈయన గోలీలు పారేసిండు. డాక్టర్ వంకాయ ముట్టొద్దన్నడని నేనే అబద్ధమాడిన. అప్పటిసంది మింగుతుండు.”

“మరి నువ్వెందుకు మానినవ్ బిడ్డా? ఆయన ఈడ లేడు గద!”

“ఒక్కడే అయితే ఎన్ని దినాలు మానుతడు? నేను గూడ మానిన. ఆయన మంచిగయ్యేదాక ముట్ట.”

అబద్ధానికి ఇంత నిష్ఠేమిటని నాకు కోపమొచ్చింది. పారేయడానికి మనసొప్పక ఆ కూరంతా నేనే తిన్నాను. గద్వాలలో ఆమె సంచిని చంకన గట్టిగా పెట్టుకుని దిగిపోయింది.

కొన్నాళ్ళకు నాకు బీపీ గోలీలు రాశారు. రెండు రోజులు మింగి, మూడో రోజు మరిచేదాన్ని. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు గానీ వంకాయ మాటే ఎత్తలేదు. వంకాయ నేనే మానేశాను. ఆనాటి నుంచి గోలి ఒక్కపూట కూడా తప్పలేదు.