నెష్‌గాడి కోసం నిప్పు

ఇంగ్లండులో మా డెర్బీషైర్‌లో మనిషి పరువు తీయాలంటే ‘నెష్’ అంటే చాలు. చలికి ఆగలేని మెత్తటి ప్రాణి అని అర్థం. నా పెద్ద నిఘంటువు ఆ మాటను పాతబడినవాటిలో చేర్చింది. దాన్ని రాసినవాళ్లెవరూ మా పక్కింటి విన్ అత్తకు ఎదురుపడినట్టు లేదు.

విన్ ఆల్సప్ మేజోళ్ల మిల్లులో పనిచేసి రిటైరైంది. మంచు కురుస్తున్నా జాకెట్టు చేతులు పైకి మడిచి బట్టలారేసే మనిషి. అక్టోబర్లో మఫ్లర్ చుట్టుకున్న ప్రతివాడూ ఆవిడ లెక్కలో నెష్. వేడినీళ్ల సీసా అడిగిన పాపానికి మొగుడు హొరేస్ కూడా నెష్షే. అంత్యక్రియలనాడు సైతం ఆ బిరుదు రద్దు కాలేదు. నవంబర్ మొదట్లో వచ్చే మంటల పండగ దాకా ఆ ఇంటి పొయ్యిలో బొగ్గు పడదు.

ఈ అక్టోబర్లో ఆవిడకు నిమోనియా వచ్చింది. ఇల్లు వెచ్చగా ఉంచకపోతే ఇంకోసారి తట్టుకోలేదని చెప్పి డాక్టర్ ఇంటికి పంపాడు. వెళ్లి చూద్దును కదా, చల్లటి పొయ్యి ముందు నీలం పెదవులతో కూర్చుని ఉంది.

“వెలిగించనా అత్తా?”

“పండగ రానీ డక్,” అంది, మావైపు ‘నాయనా’ అన్నట్టు. “ఎదురింటి డోరీన్ పొగ చూసిందంటే నేను నెష్ అని ఊరంతా టముకేస్తుంది.”

ఈ మాట మీద డాక్టరేట్ చేసినవాణ్ణి, ఊరుకుంటానా? ఒకప్పుడు దానికి వట్టి మెత్తన అనే అర్థమనీ, పండిన పండునీ పసివాడి ఒంటినీ అలాగే అనేవారనీ, అందులో తిట్టే లేదనీ ఉపన్యాసం దంచాను.

“అయిందా? ఇంతకీ నేను పండునా, పసిదాన్నా?” అంది. ఆపైన దగ్గు అందుకుంది.

చదువు అక్కరకు రాలేదు. ఈలోగా, రెండు స్వెటర్ల మీద కోటున్నా, నా పళ్లు టకటకలాడటం మొదలెట్టాయి.

“అత్తా, నావల్ల కాదు. నేను నెష్షే. నాకోసం వెలిగించు.”

ఆవిడ కళ్లు మెరిశాయి. “చిన్నప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నా. ఉన్ని టోపీలు పెట్టి పాడుచేసింది నిన్ను మీ అమ్మ.”

నేను బొగ్గు వేస్తుంటే కిటికీ తెరిచి కేకేసింది: “డోరీన్, పొగ చూసి ఏదో అనుకునేవు. ఇతగాడి కోసం. పాపం, పెద్ద చదువులు చదివాడు.”

అప్పట్నుంచి రోజూ సాయంత్రం వెళ్లి చలేస్తోందని చెప్పుకోవడం నా ఉద్యోగమైంది. మాంసం కొట్టులో నేను అడుగుపెట్టగానే, గాలి తగులుతుందని తలుపు మూస్తున్నారు. నా సిద్ధాంతగ్రంథాన్ని ఊళ్లో ఒక్కరూ చదవలేదు. ఉదాహరణగా మాత్రం అందరికీ పనికొస్తున్నాను.

నిన్న ఆవిడ బుగ్గలకు కాస్త రంగొచ్చింది. చేతికర్రతో నా కుర్చీ కాలు పొడిచింది.

“పక్కకు జరుగు డక్. సెగంతా నువ్వే తాగేస్తున్నావు.”