ఇంక్లైను వాలులో కట్టిన ర్యాంపు

పత్రికలో పనిచేసినన్నాళ్లూ నేను రాసిన ప్రారంభోత్సవ వార్తల్లో ఒక మాట తప్పకుండా ఉండేది: "సకల సౌకర్యాలతో". ఈ రిజిస్ట్రేషన్ ఆఫీసు గురించీ అదే రాశాను. ఏ ఊరో చెప్పను. గోదావరిఖని నుంచి ఆటోలో పోయి వచ్చేంత దూరం. రిబ్బన్ కత్తిరించిన రోజు మెట్ల పక్కన ర్యాంపు మీద పూలకుండీలు వరసగా పెట్టారు. బాగుందనుకున్నాను. ఎక్కి చూడలేదు.

ఎక్కాల్సి వచ్చింది మా బావకు, అంటే అక్క భర్తకు. గనిలో, మా వాళ్ల మాటలో బాయిలో, హాలేజ్ యంత్రం నడిపేవాడు. ఇంక్లైనులో, అంటే గనిలోకి దిగే ఏటవాలు దారిలో, బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే యంత్రం అది. కప్పు కూలి కాళ్లు పనిచేయకుండా పోయాక చక్రాల కుర్చీలోనే ఉంటున్నాడు. సొంత ఇంటిని అక్క పేరు మీదికి మార్చాలని, ముందు కాగితాలు చూపించి వద్దామని నన్ను తోడు తీసుకుని బయలుదేరాడు.

సగం ర్యాంపు ఎక్కేసరికి కుర్చీ వెనక్కి జారింది. బలమంతా పెట్టి ఆపాను. ఆ నున్నటి టైల్స్ మీద నా చెప్పులే నిలవలేదు. ఇద్దరు అటెండర్లు ఉరికొచ్చి కుర్చీని చెరోపక్కా పట్టుకున్నారు.

"ఇడువుండ్రి," అన్నాడు బావ. "బాయిలకెల్లి నన్ను మోసుకొచ్చినప్పుడు సోయి లేకుండె. సోయుండంగ మోయనియ్య."

"ఆఫీసోళ్లు ఇంటికే వచ్చి సంతకం తీస్కుంటరట బావ," అన్నాను.

"నేనింకా మంచాన పడలె బామ్మర్ది."

తిరిగొచ్చాం. పాత అలవాటు ఊరుకోనివ్వక విచారించాను. ఇంజినీరు ఒక కాగితం చూపించాడు. 'ర్యాంపు ఉన్నదా' అన్న గడిలో 'ఉన్నది' అని రాశారు. వాలు ఎంత అన్న గడే లేదు. పన్నెండడుగుల పొడవుకు అడుగు కన్నా ఎత్తు లేవకూడదు కదా అంటే, "జాగ ఏది సార్? ముందట పార్కింగ్ ఉన్నది" అన్నాడు.

మేస్త్రీని పట్టుకున్నాను. ఒకప్పుడు గని లోపల గోడలు కట్టిన పెద్దమనిషి.

"గింత నిటారు ఎట్ల కట్టినవే కాక?"

"నిటారేంది? మన బాయి ఇంక్లైను వాలే గది. నాలుగడుగులకు అడుగు. మీ బావ రోజు డ్యూటీకి దిగి ఎక్కిండు, అడుగు పో."

"అప్పుడాయన కాళ్లు మంచిగుండె!"

"నడవలేనోళ్లకని నాకెవ్వలు చెప్పిండ్రు? పూలకుండీలకనుకున్న."

ఈ సంగతి చెబితే బావ కోపం తెచ్చుకోలేదు, పడీపడీ నవ్వాడు. "ఇంక్లైనయితె తాడు గట్టాలె," అన్నాడు.

సోమవారం అక్కనూ, తన షిఫ్టులో పనిచేసిన ఒక దోస్తునూ వెంటబెట్టుకుని వచ్చాడు. పైన తలుపు పక్కనున్న స్తంభానికి తాడు కట్టించి, చేయి మీద చేయి వేసుకుంటూ తనను తానే పైకి లాక్కున్నాడు. లాగిన ప్రతిసారీ దోస్తు చక్రాల వెనక ఇటుకలు పెట్టాడు.

"జల్ది పెట్టు, నిద్రబోతున్నవా?"

"నువ్వు గుంజుడు సూడు. బాయిల సుత గిట్లనే నడిపి మా షిఫ్టంత లేటు జేసేటోనివి!"

పైకి చేరాం. తలుపు దగ్గర బెత్తెడు ఎత్తు గడప. వాస్తు కోసమట. ఆఫీసుకు గడపేమిటి? కేకలు వేయాలనిపించింది. వేశాను కూడా. "మెల్లగ సార్, లోపల సాబున్నడు," అన్నారెవరో.

అటెండర్లు మళ్లీ చేతులు చాచారు. బావ మళ్లీ వద్దన్నాడు. అప్పటికే లోపల వరసలో నిలబడ్డ అక్క బయటికొచ్చి, కాగితాలు నా చేతిలో పెట్టింది. ఎవరినీ ఏమీ అడగలేదు. కుర్చీ వెనక పిడులు కిందికి నొక్కి ముందు చక్రాలు లేపి గడప దాటించింది, తర్వాత వెనక చక్రాలు ఎత్తింది. ఇంట్లో రోజూ చేసే పనే.

"జల్ది సంతకం పెట్టు," అంది ఆయాసంతో. "ఇల్లు నా పేరు మీదికొస్తె మొదాలు మనింటి గడప పలగ్గొట్టిస్త. లేపలేక నా నడుం పడిపోయింది."

బావ ఆమె నడుం దిక్కు చూశాడు. తాడు ఒరుసుకుని ఎర్రబడ్డ అరచేతులు లుంగీకి తుడుచుకుని, కలం కోసం చేయి చాపాడు.