ఆదివారం నేను ఆపేసిన పెట్టె

నేను మూడో తరగతి దాటలేదు. అక్షరాలు కూడబలుక్కుంటూ రాస్తున్నాను. తప్పు చేసింది నేను కనుక రాయాల్సిందీ నేనే.

అమలాపురంలో మా వీధిగదిలో కోడలు ఫొటో స్టూడియో నడుపుతుంది. తీసిన పెళ్ళిళ్ళన్నీ బల్లకింద ఒక నల్లపెట్టెలో దాస్తుంది. లోపల రెండు డిస్కులు. ఒకదాంట్లో ఎక్కిందే రెండోదాంట్లోనూ ఎక్కుతుందట.

"ఒకటే సరుకు రెండు చోట్లెందుకే? దండగ" అన్నాను.

"ఒకటి పోతే రెండోది ఉంటుందండీ అత్తయ్యగారూ."

"రెండూ సరిగ్గా ఉన్నాయని నీకేం తెలుసు?"

"మీరు ఇన్‌స్పెక్టరు అవ్వాల్సినోరండీ!" అని నవ్వింది. "నెలకో ఆదివారం అదే చెక్ చేసుకుంటుందండీ. రెండూ మొదట్నించి చివరిదాకా చదువుద్ది. ఒకదాంట్లో చదవడానికి రాని చోటుంటే, రెండోదాన్ని చూసి బాగుచేసుకుంటుంది. పొద్దున్నించి సాయంత్రందాకా పడుతుంది, కదపకండేం."

"ఆయ్" అన్నాను.

ఆ పెట్టెలోనే మా ఆయనా ఉన్నారు. కొత్త కెమెరా వచ్చిన రోజున, పెరట్లో గునపానికి కొబ్బరికాయలు గుచ్చి ఒలుస్తున్న ఆయన్ని కోడలు పరీక్షకని వీడియో తీసింది. మరుసటి ఏడాదే ఆయన పోయారు. ఆయన గొంతు మాకు మిగిలింది అందులోనే. నేను దాన్ని ఏడాదికొక్కసారి, తద్దినం భోజనాలయ్యాక మాత్రం చూసేదాన్ని. కోడలు రోజూ పెడతానన్నా ఒప్పుకునేదాన్ని కాదు. వాడితే ఏదైనా అరుగుతుందని నా నమ్మకం.

ఒక ఆదివారం కోడలు రామచంద్రపురంలో పెళ్ళికి వెళ్ళింది. మూసిన గదిలో పెట్టె గుర్రుమంటోంది, దీపాలు మిణుకుమంటున్నాయి. అది చెకింగేనని తెలుసు. అయినా మనిషి లేని గదికి రోజంతా కరెంటెందుకని గోడ స్విచ్చి కట్టేశాను. పొయ్యి ఆపి మళ్ళీ వెలిగించుకోమా, ఇదీ అంతేలే అనుకున్నాను. తను వచ్చేలోగా స్విచ్చి వేసేశాను. ఆపిన చెకింగు దానంతటది మళ్ళీ మొదలవదని నాకు తెలియదు. ఆ తర్వాత ప్రతినెలా చెకింగు రోజున, తను ఏదో పెళ్ళికి వెళ్ళగానే అదే పని చేశాను.

వానాకాలంలో ఒక డిస్కు పోయింది.

"రెండోది ఉంది కదండీ, కంగారేం లేదు" అంటూ కోడలు కొత్తది పెట్టింది. మిగిలిన పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగిపోయింది. పాతదాంట్లో చదవడానికి రాని చోట్లున్నాయి. రాజమండ్రిలో బాగుచేసేవాళ్ళకి చూపించింది. వాళ్ళవల్లా కాలేదు. పెళ్ళివాళ్ళవి వాళ్ళకెప్పుడో ఇచ్చేసింది. ఎవరికీ ఇవ్వనక్కర్లేనిది ఆయనదొక్కటే. పోయింది.

"నెలనెలా చెక్ అవుతూనే ఉంది కదా, ఎలా పాడైందో!" అని కోడలు తల పట్టుకుంది.

నోరు మూసుకుని ఊరుకోవచ్చు. చెప్పేశాను.

"నన్నోమాట అడగొచ్చు కదండీ" అంది కోడలు. "నాదీ ఉందిలెండి తప్పు. దీపాలు ఎలుగుతున్నాయి కదాని, చెకింగు పూర్తయిందో లేదో తెరిచి చూళ్ళేదు."

తిట్టినా బాగుండేది.

"మావయ్యగారు అందులో నన్నేదో అన్నారండీ. ఏమన్నారు?"

"'ముసలాణ్ణి తీస్తావేంటమ్మా, కాయని తియ్యి, అదైనా అమ్ముడవుద్ది' అన్నారు."

ఒక్కమాట పొల్లుపోకుండా చెప్పాను. గొంతు మాత్రం నాదే వచ్చింది.