కచ్ గుట్టల్లో టెంటు వెంట

కరోనా రెండో వేవ్ తగ్గాక, ఆ చలికాలం, మా ఆయనా నేనూ అత్తమ్మా సూరత్ నుంచి కారులో కచ్ మట్టిగుట్టలకు వెళ్లాం. ఊరికి దూరంగా ఉన్న ఆ చోట ఉండాలంటే గుండ్రటి మట్టి గుడిసె అద్దెకు తీసుకోవాలి, లేదంటే టెంటు వేసుకోవాలి.

"ఇన్నొద్దులు గోడలే చూసిన. నాకు టెంటే కావాలె," అంది అత్తమ్మ.

మా ఆయన మేకులు కొట్టేలోపే గాలికి టెంటు లేచిపోయింది. ఎర్రటి గుట్టల మధ్య దొర్లుతున్న దాని వెంట ముగ్గురం పరుగెత్తాం.

"జర ఉరుకు బిడ్డా!" అంటూ అత్తమ్మ చెప్పులు వదిలేసి నన్ను దాటిపోయి, టెంటు మీద బోర్లా పడి పట్టేసింది. దెబ్బ తగిలిందేమోనని భయపడుతూ దగ్గరికి వెళితే, పగలబడి నవ్వుతోంది.

"గుడిసెకు పోదామా అమ్మా?" అన్నాడు ఆయన.

"గింత ఉరికి పట్టినంక ఇడుస్తనా?"

టెంటు మూలమూలకీ రాళ్లు పెట్టి అందులోనే పడుకున్నాం. నవ్వు ఆగితేగా నిద్ర పట్టేది!