ఉబ్బిన పిండిలో నా పిడికిలి

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో సగం గాలి. దోమను గద్ద చేసి చెప్పందే నాకు ముద్ద దిగదు. కానీ కొన్నేళ్లుగా ఒక సంగతి గుండెల మీద మిర్చి బస్తాలా కూర్చుంది. ఇంట్లో ఎవరి ముందూ దించలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీ ముందు దించుతున్నాను.

మా తమ్ముడి భార్య సునీత ఎయిర్ ఫ్రయర్ కొన్న కొత్తలో సంగతి. రాకెట్టు దిగినట్టు ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది. మూకుడు లేదు, నూనె లేదు, ఇక డోనట్లేం వేగుతాయని అందరికంటే గట్టిగా వెక్కిరించింది నేనే. ఆమె చేసేవి చిల్లు డోనట్లు కావు, నిమ్మకాయంత ఉండలు. గోరువెచ్చని పాలలో ఈస్టు నానబెట్టి, మైదా కలిపి, పొంగాక ఉండలు చుట్టి, వేగాక పంచదారలో దొర్లించేది. దూదిపింజల్లా ఉండేవి. చివరికి పాస్టరమ్మగారే సండే స్కూలు పిల్లల పండగకు చెయ్యమన్నారు. అవి నచ్చితే మార్టూరులో చిన్న బేకరీ పెట్టాలని సునీత ఆశ.

పండగ పొద్దున చలి. పిండి పొంగడం లేదు.

"బావగారూ, ఈ గిన్నె కాస్త వెచ్చగా ఉన్నచోట పెట్టండి. గుడ్డ మాత్రం తియ్యకండి, మీ చెయ్యి అసలే ఊరుకోదు," అంది.

ఎండ పడుతున్న మిర్చి బస్తాల మీద పెట్టాను. పక్కనే కూర్చుని మిర్చిలో తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నాను. కాసేపటికి చూస్తే గుడ్డ పైకి లేచింది. ఎత్తాను. గుమ్మడికాయంత పిండి, నున్నగా, ఊపిరి పీలుస్తున్నట్టుంది. గుద్దాలనిపించింది. ఎందుకు? ఇంత వయసొచ్చినవాడికి ఎందుకనిపించాలి? పిడికిలి దింపాను. ఉస్సుమని కుంగింది. బాగుందనిపించి మళ్లీ దింపాను. తర్వాత అంచులు మడిచి, గుండ్రంగా సర్ది, గుడ్డ కప్పేశాను. నా చేతికి అంటిన కారం గుర్తే రాలేదు. పుట్టిన దగ్గర్నుంచీ కాయల్లో మునిగిన చేతులకు మంట తెలియదు. అదే పిండిని ఉండలు చుట్టిన సునీత చేతులూ కాయలకు అలవాటు పడ్డవే, వాటికీ తెలియలేదు.

పిల్లల నాలుకలకు తెలిసింది. వాళ్ల ఏడుపు సాగర్ కాలువ దాకా వినిపించింది. ఒక చిన్నపిల్ల డోనట్టు పట్టుకున్న వేళ్లతోనే కళ్లు నులుముకుంది. నీళ్లతో ఎంత కడిగినా రెప్పలు తెరవలేకపోయింది. ఆ పిల్ల తల్లి సునీత వైపు చూసింది. సునీత నా వైపు చూసింది.

"బావగారూ, మీరేమన్నా ముట్టుకున్నారా?"

చర్చి వాకిట్లో అందరూ ఉన్నారు. నేను సంఘపెద్దను. అవునన్న మాట గొంతు దాకా వచ్చింది. దాని బదులు జోకు బయటికొచ్చింది.

"నేనా? కాయలు ముట్టుకుని చేతులు కడుక్కోకుండా పిండి పిసికింది నువ్వు, పేరు నాదా అమ్మా?"

జనం నవ్వారు. ఆమె తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. నిజమేనేమో అనుకున్నట్టుంది. అది చూసి కూడా నేను నోరు విప్పలేదు. భయమా? కాదేమో. నవ్వు బాగా పండింది, దాన్ని పాడుచేయబుద్ధి కాలేదు.

ఆపైన ఆమెను ఎవరూ డోనట్లు అడగలేదు. ఎయిర్ ఫ్రయర్‌లో ఇప్పుడు నిన్నటి బజ్జీలు వేడవుతాయి. నేనేమో ప్రతి పెళ్లిలో, ప్రతి విందులో ఆ కథే చెబుతాను. "ఏరా, కారం డోనట్లు ఎత్తుకోవేం?" అని అడిగి మరీ చెప్పించుకుంటారు. సునీత టీ గ్లాసులు అందిస్తూ అందరితో పాటు నవ్వుతుంది. ఆ నవ్వు వైపు నేను చూడను.

ఇది రాశాక నాకు ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆమెకు ఒరిగిందేమీ లేదని తెలుసు.

గాలి ఎంతో కూడా చెప్పాలి కదా. రాకెట్టు, గుమ్మడికాయ, కాలువ దాకా ఏడుపు, అవన్నీ ఉన్నదాన్ని ఉబ్బించినవి. లేనిది కల్పించింది ఒక్కటే, ఆమె చేతులు కడుక్కోలేదన్నది. ఆ పొద్దున పిండి కలిపే ముందు ఆమె మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుంది. తుడుచుకోడానికి తువ్వాలు అందించింది నేనే.